టెక్సస్‌లో 2021: ఇన్ని గొడవలు ఒకే ఏడాది ఎందుకు వచ్చాయి?

అడిగిన ప్రశ్న ఇది: "ఈ మధ్యే డాలస్ వైపు వచ్చాం. ఇక్కడ ఏ రాజకీయం మాట్లాడినా 2021 దగ్గరికే వెళ్తుంది. చలికి కరెంటు పోవడం, సభ్యులు విమానమెక్కి వాషింగ్టన్ వెళ్ళిపోవడం, అబార్షన్ చట్టం, నియోజకవర్గాల మార్పు. ఇవన్నీ ఒకే ఏడాది ఎలా జరిగాయి? ఒకదానికొకటి సంబంధం ఉందా?"

సంబంధం ఉంది. దాన్ని క్యాలెండరులో వెతకాలి. టెక్సస్ శాసనసభ ఏటా కూర్చోదు. బేసి సంవత్సరాల్లో మాత్రమే, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది. రెండేళ్ళ బడ్జెట్‌తో సహా అన్నీ ఆ గడువులోనే తేలాలి. తేలకపోతే మళ్ళీ పిలిచే అధికారం గవర్నర్‌దే. అలా పిలిచిన స్పెషల్ సెషన్ 30 రోజులకు మించదు, ఎజెండాలో ఏముండాలో కూడా ఆయనే చెప్తాడు. ఈ గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్‌లాంటివాడు కాదని ముందే గుర్తుపెట్టుకోండి. జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, వీటో ఉంటుంది, బడ్జెట్‌లో ఒక్కో పద్దును విడిగా కొట్టేయగలడు. 2021లో ఆ కుర్చీలో ఉన్నది గ్రెగ్ ఆబట్. ఎగువ సభ అయిన సెనేట్‌ను నడిపింది లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్. దిగువ సభ అయిన హౌస్ స్పీకరు డేడ్ ఫెలన్‌కు అదే మొదటి దఫా. హౌస్‌లో 150 మంది, అందులో రిపబ్లికన్లు 83, డెమొక్రాట్లు 67. సెనేట్‌లో 31కి 18, 13.

ఆ 18 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి. సెనేట్‌లో ఒక బిల్లును చర్చకు తేవాలంటే అంతకుముందు నియమం ప్రకారం అయిదింట మూడు వంతులు, అంటే 19 మంది ఒప్పుకోవాలి. 2020 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు ఒక సీటు పోగొట్టుకుని 18కి దిగారు. జనవరి 2021లో సెనేట్ తన నియమాన్ని తొమ్మిదింట అయిదు వంతులకు మార్చుకుంది. 31లో తొమ్మిదింట అయిదు వంతులు లెక్కేస్తే 17.2, అంటే 18 మంది చాలు. పేపర్లలో లోపలి పేజీ వార్తగా పోయింది గానీ, ఆ ఏడాది వచ్చిన వివాదాస్పద చట్టాల్లో చాలావాటికి దారి వేసింది ఇదే. అవతలి పక్షం నుంచి ఒక్క ఓటు కూడా అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఇక ఫిబ్రవరి. 13 నుంచే రాష్ట్రమంతా గడ్డకట్టింది. 15వ తేదీ తెల్లవారుజామున 1:20కి గ్రిడ్ నిర్వాహక సంస్థ ఎర్కాట్ లోడ్ షెడ్డింగ్ మొదలుపెట్టమంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ మనకు 50 హెర్ట్జ్ ఎలాగో అక్కడ 60. ఉత్పత్తి వాడకం కంటే తగ్గితే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. 1:55కి అది 59.302కి దిగింది. 59.4 కింద మొత్తం 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు ఉండి ఉంటే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వరసగా విడిపోయేవి. అప్పుడు గ్రిడ్ మొత్తం కూలితే, తిరిగి లేపడానికి వారాలు పట్టేది. ఆ రాత్రి ఆపరేటర్లు కరెంటు తీసేయడం తప్పు కాదు, తీసేయకపోతేనే తప్పయ్యేది. తప్పు అంతకు పదేళ్ళ ముందు జరిగింది. 2011 ఫిబ్రవరిలో ఇలాంటి చలికే ప్లాంట్లు ఆగితే, వాటికి చలి రక్షణ ఏర్పాట్లు చేయాలని కేంద్ర నియంత్రణ సంస్థలు నివేదిక రాసి ఇచ్చాయి. టెక్సస్‌లో అది సలహాగానే మిగిలింది.

"వంతులవారీగా కోత" అని చెప్పి, కొన్ని వీధులకు మూడు రోజులు కరెంటు లేకుండా, పక్క వీధికి మాత్రం లైట్లు వెలుగుతూ ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. ఒక దశలో తీసేయాల్సిన లోడ్ 20,000 మెగావాట్లకు చేరింది. ఆసుపత్రులు, నీటి ప్లాంట్లు ఉన్న ఫీడర్లను తీయకూడదు. ఫ్రీక్వెన్సీ రక్షణ రిలేలు ఉన్న ఫీడర్లనూ ముట్టుకోకూడదు. మిగిలిన ఫీడర్లన్నీ తీసినా లెక్క చాలక, మార్చడానికి వేరే ఫీడర్ లేకుండా పోయింది. అందుకే కరెంటు పోయినవాళ్ళకు పోయే ఉంది. 15వ తేదీ తెల్లవారుజామున మొదలైన కోత 17వ తేదీ అర్ధరాత్రికి గానీ ఆగలేదు. 45 లక్షలకు పైగా ఇళ్ళూ దుకాణాలూ చీకట్లో ఉన్నాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ చివరి లెక్కలో మృతులు 246 మంది. చలికి శరీర ఉష్ణోగ్రత పడిపోయి చనిపోయినవాళ్ళే ఎక్కువ. ఇల్లు వెచ్చగా ఉంటుందని గరాజ్‌లో కారు ఆన్ చేసి, లోపల బొగ్గు వెలిగించి, కార్బన్ మోనాక్సైడ్‌కు బలైనవాళ్ళూ ఉన్నారు.

గాలిమరలు గడ్డకట్టడం వల్లే ఇదంతా అని అప్పట్లో టీవీల్లో గట్టిగా చెప్పారు. మరలు ఆగిన మాట నిజం. కానీ ఆ శీతల వాతావరణంపై ఫెర్క్, నెర్క్ అనే కరెంటు నియంత్రణ సంస్థలు నవంబరులో ఇచ్చిన నివేదికలో, ఆగిన యూనిట్లలో 58 శాతం సహజ వాయువుతో నడిచేవి. బావుల దగ్గర పైపులు గడ్డకట్టాయి. ప్లాంట్లలో సెన్సార్లకు వెళ్ళే సన్న గొట్టాలు గడ్డకట్టాయి. అన్నిటికంటే విడ్డూరం మరొకటి ఉంది. కరెంటుతో నడిచే గ్యాస్ కంప్రెసర్ స్టేషన్లలో చాలావాటి యజమానులు "మాది అత్యవసర లోడ్" అనే ఫారం నింపి పంపనే లేదు. కాబట్టి కోతలో వాటి కరెంటూ పోయింది, వాటితో పాటు ప్లాంట్లకు వెళ్ళే గ్యాసూ పోయింది, దాంతో ఇంకా కోత పెరిగింది.

ఎర్కాట్ గ్రిడ్ తూర్పు, పడమర గ్రిడ్లతో కలవదు. చిన్న డీసీ లింకులు తప్ప లేవు. రాష్ట్రం దాటని కరెంటుపై కేంద్ర నియంత్రణ ఉండదు కాబట్టి కావాలనే విడిగా ఉంచారు. పడమటి గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసోలో అదే వారం కరెంటు పెద్దగా పోలేదు. అంతమాత్రాన విడిగా ఉండటం ఎప్పుడూ నష్టమే అనకండి. 2012 జులైలో ఉత్తర, తూర్పు భారతం చీకట్లో మునిగినప్పుడు దక్షిణ గ్రిడ్ ఇంకా వాటితో సింక్రనైజ్ కాలేదు కాబట్టే మన వైపు నిలబడింది. టెక్సస్ నష్టపోయింది విడిగా ఉండి కూడా తన ప్లాంట్లను సిద్ధం చేసుకోకపోవడం వల్ల.

డబ్బు సంగతి ఇంకో కథ. కొరత ఉన్నప్పుడు టోకు ధర మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్ల గరిష్ఠానికి చేరుస్తూ, రాష్ట్రంలో కరెంటు వ్యవహారాలు చూసే ప్రజోపయోగ కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. అంటే యూనిట్‌కు 9 డాలర్లు. కోతలు ఆగాక కూడా మరో 32 గంటలకు పైగా అదే ధర నడిచింది. దీనివల్ల అదనంగా పడిన భారం 1,600 కోట్ల డాలర్లని స్వతంత్ర మార్కెట్ పరిశీలకుడు మొదట అంచనా వేశాడు. ధరలు వెనక్కి సరిదిద్దే బిల్లును సెనేట్ మార్చిలో ఒక్కరోజులో పాస్ చేసింది, హౌస్ దాన్ని ముట్టుకోలేదు. మార్చి 1న బ్రాజోస్ ఎలక్ట్రిక్ కో-ఆపరేటివ్ దివాలా పిటిషన్ వేసింది. టోకు ధరకే కరెంటు అమ్మిన గ్రిడీ కంపెనీ కూడా అదే నెలలో దివాలా తీసింది. కమిషన్‌లోని ముగ్గురు సభ్యులూ రాజీనామా చేశారు, ఎర్కాట్ సీఈఓను తీసేశారు. చివరికి ఆ వారం ఖర్చును బాండ్లుగా మార్చి, ఏళ్ళ తరబడి బిల్లుల్లో వసూలు చేసే చట్టాలు వచ్చాయి. మీ బిల్లులో అర్థంకాని చిన్న చార్జీ కనిపిస్తే ఒకసారి ఆ వైపు ఆలోచించండి.

మొదటి 60 రోజుల్లో, గవర్నర్ అత్యవసరమని ప్రకటించిన అంశాలు తప్ప వేరే బిల్లులు సభ పాస్ చేయడానికి వీల్లేదు. ఆ మంచు తుపాను సెషన్ మొదలైన 35వ రోజున వచ్చింది, ఆబట్ మర్నాడే ఎర్కాట్ సంస్కరణను అత్యవసర అంశం చేశాడు. ఇదే సరి సంవత్సరంలో వచ్చుంటే స్పెషల్ సెషన్ పిలవాలా వద్దా అన్నదే నెలల తరబడి నానేది. జూన్ 8న సంతకమైన సెనేట్ బిల్లు 3 ప్లాంట్లకు చలి రక్షణను తప్పనిసరి చేసింది, ఉల్లంఘనకు రోజుకు 10 లక్షల డాలర్ల వరకు జరిమానా పెట్టింది. గ్యాస్ వైపు మాత్రం సందు వదిలింది. గ్యాస్‌ను నియంత్రించేది రైల్‌రోడ్ కమిషన్. పేరులో రైలు ఉంది గానీ రైళ్ళతో దానికి ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. ఆ కమిషన్ మొదట తయారుచేసిన నిబంధన ప్రకారం 150 డాలర్లు కట్టి దరఖాస్తు పెడితే "మాది అత్యవసర సదుపాయం కాదు" అని తప్పించుకోవచ్చు. గొడవయ్యాక నవంబరులో దాన్ని బిగించారు. టోకు ధర ప్లాన్లను ఇళ్ళకు అమ్మడాన్ని మాత్రం హౌస్ బిల్లు 16 పూర్తిగా నిషేధించింది. ఇది మంచి పని.

మార్చిలో మాస్కుల ఆదేశాన్ని ఎత్తేయడం, సరిహద్దులో ఆపరేషన్ లోన్ స్టార్ మొదలవడం పెద్ద వార్తలే. అవి గవర్నర్ ఉత్తర్వులతో అయిపోయాయి కాబట్టి సభ గడియారంతో వాటికి పేచీ లేదు. పేచీ అంతా మే నెలాఖరులో వచ్చింది.

ఎన్నికల నియమాలను బిగించే సెనేట్ బిల్లు 7ను రెండు సభలూ వేర్వేరు రూపాల్లో పాస్ చేశాయి. తేడాలు సరిచేయడానికి వేసిన ఉభయ సభల కమిటీ, రెండు రూపాల్లోనూ లేని విషయాలు చేర్చింది. ఆదివారం ముందస్తు ఓటింగ్ మధ్యాహ్నం 1 గంట తర్వాతే మొదలవ్వాలన్నది ఒకటి. నల్లజాతి చర్చిలు ఆదివారం ఉదయం ప్రార్థన అయ్యాక అందరినీ కలిపి ఓటుకు తీసుకెళ్ళడం చాలా ఏళ్ళ ఆనవాయితీ, కాబట్టి అది ఎవరికి తగిలిందో చెప్పక్కర్లేదు. అచ్చుతప్పు అని తర్వాత అన్నారు. సెనేట్ రాత్రంతా కూర్చుని మే 30 ఉదయం పాస్ చేసింది. హౌస్‌కు ఆ అర్ధరాత్రే గడువు. చివరి రోజైన 31న దిద్దుబాట్లు తప్ప బిల్లులు పాస్ చేయరు. రాత్రి పదిన్నర ప్రాంతంలో డెమొక్రాటిక్ నేత క్రిస్ టర్నర్ తన సభ్యులకు సందేశం పంపాడు: మీ తాళంచెవి తీసుకుని మెల్లగా బయటికి వెళ్ళిపోండి అని. బల్ల మీది ఓటింగ్ మీటకు తాళం ఉంటుంది. అది వదిలి వెళ్తే పక్కవాళ్ళు ఓటు నొక్కేసే అవకాశం ఉంది. కోరం లేక సభ వాయిదా పడింది, బిల్లు చచ్చింది.

మనవాళ్ళకు అర్థంకానిది ఈ కోరమే. మన రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం శాసనసభ కోరం పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో 18 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 12 మంది చాలు. ప్రతిపక్షం మొత్తం వాకౌట్ చేసినా సభ ఆగదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సగం కంటే ఒకరు ఎక్కువ ఉంటే సరి. టెక్సస్ రాజ్యాంగం మాత్రం మూడింట రెండు వంతులు అడుగుతుంది. 150లో 100. అంటే 51 మంది లేస్తే సభ లేనట్టే. 67 మంది ఉన్న పక్షానికి బిల్లును ఓడించే బలం లేదు గానీ సభను ఆపే బలం ఉంది. మన క్యాంపు రాజకీయాల్లో ఎమ్మెల్యేలను రిసార్టులో పెట్టేది అవతలి పక్షానికి పోకుండా ఉండటానికి. ఇక్కడ వెళ్ళేది లెక్క తగ్గించడానికి. ఇది మొదటిసారీ కాదు. 2003లో నియోజకవర్గాల గొడవలోనే హౌస్ డెమొక్రాట్లు ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కు, సెనేటర్లు ఆల్బకర్కీకి వెళ్ళారు.

రాష్ట్రం దాటి వెళ్ళడానికి కారణం ఉంది. సభకు రాని సభ్యులను పట్టుకొచ్చే అధికారం మిగిలిన సభ్యులకు రాజ్యాంగమే ఇస్తుంది. అది నేరం కింద అరెస్టు కాదు, సభకు హాజరు పరచడం మాత్రమే. ఆ వారంటు టెక్సస్ గీత దాటితే చెల్లదు. అదే ఎన్నికల బిల్లును మళ్ళీ తేవడానికి జులై 8న మొదటి స్పెషల్ సెషన్ మొదలైంది. 12న యాభై మందికి పైగా హౌస్ డెమొక్రాట్లు రెండు ప్రత్యేక విమానాల్లో వాషింగ్టన్ వెళ్ళారు. అప్పటికే ఆబట్ తన పద్దు వీటోతో శాసనసభ నిధులనే కొట్టేశాడు, సెప్టెంబరు 1 నుంచి రెండు వేలకు పైగా సిబ్బందికి జీతాలు ఆగే పరిస్థితి. నిధులు తిరిగి ఇవ్వాలన్నా సెషన్ కావాలి, సెషన్‌కు కోరం కావాలి. ఆగస్టు 6న ఆ 30 రోజులూ వృథాగా ముగిశాయి. 7న రెండోది మొదలైంది. 10న హౌస్ 80-12 ఓట్లతో గైర్హాజరు సభ్యులను పట్టుకురమ్మంది. 19న కోరం నిండింది. అదెలాగో చూడండి: రెండు స్థానాలు ఖాళీ పడటంతో సభ 148కి తగ్గింది, 148లో మూడింట రెండు వంతులు 99. హాజరు కూడా సరిగ్గా 99.

సాధించిందేమిటి అంటారా? బిల్లు ఆగలేదు. సెనేట్ బిల్లు 1గా ఆగస్టు 31న పాసై, సెప్టెంబరు 7న టైలర్‌లో సంతకమైంది. 24 గంటల పోలింగ్, కారులో కూర్చుని ఓటు వేయడం రెండూ పోయాయి. పోలింగ్ పరిశీలకులకు కదిలే స్వేచ్ఛ పెరిగింది. కానీ ఆదివారం మధ్యాహ్నం నిబంధన, ఫలితాన్ని సులువుగా రద్దుచేయించే నిబంధన కొత్త బిల్లులో లేవు. నా లెక్కలో వాళ్ళకు దక్కింది అంతే, అది చిన్నదేమీ కాదు. 2023లో హౌస్ తన నియమాల్లో గైర్హాజరుకు రోజుకు 500 డాలర్ల జరిమానా చేర్చింది. అయినా 2025 ఆగస్టులో మళ్ళీ ఇల్లినాయికి వెళ్ళారు, మళ్ళీ నియోజకవర్గాల గొడవే.

సెప్టెంబరు 1 ఇంకో కీలకమైన తేదీ. టెక్సస్‌లో చాలా చట్టాలు ఆ రోజునే అమల్లోకి వస్తాయి. 21 నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకు తిరిగే చట్టం అలాంటిదే. మే 19న సంతకమైన సెనేట్ బిల్లు 8 ఇంకోటి. పిండంలో గుండె చప్పుడు కనిపించాక, అంటే సుమారు ఆరు వారాల తర్వాత, అబార్షన్ చేయకూడదు. వైద్య అత్యవసరానికి మినహాయింపు ఉంది, అత్యాచారానికి లేదు. దీని కిటుకు అమలులో ఉంది. ప్రభుత్వ అధికారులు దీన్ని అమలు చేయకూడదని చట్టమే చెప్తుంది. అమలు చేసేది ఎవరైనా మామూలు మనిషి. అబార్షన్ చేసినవాళ్ళమీద, సాయపడినవాళ్ళమీద దావా వేసి కనీసం 10,000 డాలర్లు వసూలు చేసుకోవచ్చు. గర్భిణి మీద మాత్రం దావా కుదరదు. ఒక చట్టం రాజ్యాంగ విరుద్ధమని ముందే ఆపాలంటే దాన్ని అమలు చేసే అధికారిని ప్రతివాదిగా పెడతారు. ఇక్కడ ఆ అధికారే లేడు. అందుకే సుప్రీంకోర్టు సెప్టెంబరు 1 రాత్రి 5-4తో ఆపడానికి నిరాకరించింది. అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన రో తీర్పు ఇంకా బతికుండగానే టెక్సస్‌లో ఆరు వారాలు దాటిన అబార్షన్లు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు అమల్లో ఉన్న దాదాపు పూర్తి నిషేధం కూడా ఆ ఏడాదిదే. రో కొట్టివేత జరిగితే అమల్లోకి వచ్చేలా అదే సెషన్‌లో హౌస్ బిల్లు 1280 పాస్ చేసి పెట్టుకున్నారు. 2022 ఆగస్టు 25న అది మేల్కొంది.

ఇక నియోజకవర్గాలు. 2020 జనగణనలో టెక్సస్ జనాభా దాదాపు 40 లక్షలు పెరిగి 2 కోట్ల 91 లక్షలు దాటింది. పెరుగుదలలో 95 శాతం శ్వేతేతరులు. అమెరికా కాంగ్రెస్‌లో టెక్సస్ స్థానాలు 36 నుంచి 38 అయ్యాయి. మన దగ్గర డీలిమిటేషన్ కమిషన్ వేస్తారు, ఇక్కడ గీతలు గీసేది శాసనసభే. కోవిడ్ వల్ల వివరమైన లెక్కలు ఆగస్టు 12కు గానీ రాలేదు, కాబట్టి మూడో స్పెషల్ సెషన్ సెప్టెంబరు 20న తప్పలేదు. అక్టోబరు 25న మ్యాపులపై సంతకం పడింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేకుండా గీసిన మొదటి దశాబ్ద మ్యాపు ఇది. డిసెంబరు 6న కేంద్ర న్యాయశాఖ దావా వేసింది.

ఇందులో మనవాళ్ళకు నేరుగా తగిలిన ముక్క ఉంది. కాలిన్ కౌంటీలో ప్లేనో, ఫ్రిస్కో వైపు ఆసియా కుటుంబాలు గుంపుగా ఉన్న ప్రాంతాలను పాత 3వ నియోజకవర్గం నుంచి విడదీసి, ఓక్లహోమా, అర్కన్సా సరిహద్దుల దాకా పల్లెల మీదుగా పోయే 4వ దానిలో కలిపారు. 3వది రిపబ్లికన్ల చేతిలోంచి జారిపోతుందేమోనన్న భయమే కారణమని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

మీకు పనికొచ్చే సంగతులు కొన్ని. ఇంట్లో 65 దాటిన, పౌరసత్వం వచ్చిన తల్లిదండ్రులు పోస్టులో ఓటు వేస్తుంటే, 2021 చట్టం వల్ల దరఖాస్తు మీదా, ఓటు కవరు మీదా డ్రైవింగ్ లైసెన్సు లేదా స్టేట్ ఐడీ నంబరు రాయాలి. అది లేనివాళ్ళు సోషల్ సెక్యూరిటీలో చివరి నాలుగు అంకెలు రాయాలి. రాసిన నంబరు ఓటరు రికార్డులో ఉన్నదానితో కలవాలి. ఏళ్ళ క్రితం ఒకదానితో నమోదై, ఇప్పుడు రెండోది రాస్తే తిరస్కరిస్తారు. 2022 మార్చి ప్రైమరీలో 12 శాతానికి పైగా, దాదాపు 24,600 పోస్టు ఓట్లను తిరస్కరించారు. ఎక్కువ పొరపాట్లు కవరు మూత కింద ఉన్న గడి ఖాళీగా వదిలేయడం వల్ల. రెండు నంబర్లూ ఉంటే రెండూ రాయించండి. దరఖాస్తు ఎన్నికకు 11వ రోజు ముందుకల్లా కౌంటీకి చేరాలి, పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు.

హెచ్1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు అవుతారా" అన్న గడికి "అవును" పెట్టకండి. తెలియక పెట్టినా తర్వాత పౌరసత్వం దరఖాస్తులో అది పెద్ద చిక్కవుతుంది.

పాత వార్తలు వెతికేటప్పుడు బిల్లు నంబరును ఒంటరిగా నమ్మకండి. ప్రతి సెషన్‌కూ నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. శాసనసభ వెబ్‌సైటులో ముందు సెషన్ ఎంచుకోవాలి. 2021కి నాలుగు ఉంటాయి: 87వ శాసనసభ రెగ్యులర్, ఆ తర్వాత మొదటి, రెండో, మూడో స్పెషల్. సెనేట్ బిల్లు 3 రెగ్యులర్‌లో ప్లాంట్ల చలి రక్షణ, రెండో స్పెషల్‌లో బడి పాఠాల్లో జాతి విషయాలు ఎలా చెప్పాలన్నది. సెనేట్ బిల్లు 1 కూడా అంతే. సెషన్ మార్చకుండా తెరిస్తే ఎన్నికల చట్టం అనుకుని రాష్ట్ర బడ్జెట్ చదువుతూ కూర్చుంటారు.